బందరు వస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బందరు. ఊరు చూడ్డానికి వస్తున్నామని చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇంచుమించు అవే. ప్రతివాళ్లకీ మొదట్నుంచీ చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెడితే పోతుంది కదా అని ఈ పేజీ.

ఊరి పేరు బందరా, మచిలీపట్నమా?

రెండూ. రైలు టికెట్టు మీద, ప్రభుత్వ కాగితాల మీద మచిలీపట్నం. బస్సు కండక్టర్ల నోట, మా నోట బందరు. పాత ఇంగ్లీషు రికార్డుల్లో మసూలిపటం అని కనిపించేదీ ఈ ఊరే. కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం ఇదే. విజయవాడ అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు కూడా కలెక్టరేటు ఉన్నది బందరులోనే.

నిజం చెప్పండి, అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా?

పెద్ద గోపురం, కొండమీద కోట, రాత్రి లైట్లు వేసే రాజమహల్ లాంటివి కావాలంటే లేవు. ఇక్కడ జరిగిన చరిత్రకి, ఇక్కడ నిలబడి ఉన్న రాళ్లకి పొంతన ఉండదు. నాలుగు దేశాల వ్యాపారులు కొట్టుకున్న రేవు ఇది, కానీ వాళ్లు వదిలిపోయిన కట్టడాలన్నీ ఒక పూటలో అయిపోతాయి.

మిగిలిందల్లా చేతిపని. బట్ట మీద అద్దకం వేసేవాళ్లు, రాగి మీద బంగారపు పూత వేసేవాళ్లు, రోకలితో లడ్డూ దంచేవాళ్లు, తెల్లవారకముందే వల వేసేవాళ్లు. నన్నడిగితే బందరు చూడ్డమంటే వీళ్ల పని చూడ్డమే. ఆ ఓపిక ఉంటే ఈ ఊరు బాగుంటుంది. పది చోట్ల సెల్ఫీ దిగి వెళ్లిపోవాలంటే బోర్ కొడుతుంది, ముందే చెప్తున్నాను.

ఎలా చేరుకోవాలి?

విజయవాడ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై, హైదరాబాద్, విజయవాడ మీదుగా వచ్చి బందరులోనే ఆగిపోతుంది. ఉయ్యూరు, పామర్రు దారిలో బస్సులకు కొదవ లేదు. విజయవాడలో ఇప్పటికీ బందరు రోడ్డు అనే పిలిచే పెద్ద రోడ్డు ఉందే, అది పట్టుకుని తిన్నగా వచ్చేయడమే.

రైలైతే గుడివాడ, పెడన మీదుగా వస్తుంది. బందరే చివరి స్టేషను, కాబట్టి నిద్రపోయినా స్టేషను దాటిపోతుందన్న టెన్షన్ ఉండదు. సికింద్రాబాద్ వైపు నుంచి రాత్రి ఎక్కితే తెల్లారేసరికి ఇక్కడ దిగొచ్చు. గోదావరి జిల్లాల నుంచో, ఒంగోలు వైపు నుంచో కారులో వచ్చేవాళ్లకు తీరం వెంట పోయే 216వ నంబరు రహదారి మంచిది.

ఇంత చిన్న ఊరికి అంత చరిత్ర ఎలా వచ్చింది?

అప్పట్లో చిన్న ఊరు కాదు మరి. కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర, వెనకంతా పత్తి పండే నేల, నేత తెలిసిన ఊళ్లు. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన రాతల్లోనే మసాలియా అనే ఈ తీరప్రాంతం, ఇక్కడ విరివిగా తయారయ్యే సన్నని నూలు బట్టలు కనిపిస్తాయి.

అసలు దశ తిరిగింది గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో. గోల్కొండకు సముద్రం లేదు, వాళ్ల రాజ్యానికి ముఖ్యమైన రేవు బందరే. వజ్రాలు, అద్దకం బట్టలు, నీలిమందు ఇక్కడి నుంచి ఓడెక్కేవి. ఇటు బర్మాలోని పెగూ, సుమత్రాలోని అచే, అటు పర్షియా, ఎర్రసముద్రపు రేవులు - అన్నిటికీ ఇక్కడి నుంచి ఓడలు తిరిగేవి. పర్షియా వర్తకులు ఊళ్లో స్థిరపడ్డారు. ఇక్కడి అద్దకంలో కనిపించే తీగలు, పూలు, సరుగుడు చెట్టులాంటి బొమ్మలు వాళ్ల అభిరుచి ప్రకారం వచ్చినవే.

ఆ సరుకు కోసమే యూరప్ వాళ్లు కూడా వరస కట్టారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు కంపెనీ మొదట కాలూనింది బందరులోనే. మద్రాసులో సెయింట్ జార్జి కోట కట్టుకున్నాక 1641లో వాళ్ల ముఖ్య కార్యాలయాన్ని ఇక్కడి నుంచి అక్కడికి మార్చారు. అందుకే మద్రాసు గొప్పలు ఎవరైనా చెబుతుంటే మా ఊరి పెద్దవాళ్లు మీసాల చాటున నవ్వుకుంటారు.

తర్వాత కథ యుద్ధాలది. 1750లో ఊరు ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్ సైన్యం రాత్రిపూట బురద నేలలు దాటి వచ్చి కోట పట్టుకుంది. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల ఆట దాంతో కట్టు. చరిత్ర పాఠాల్లో ప్లాసీకి ఇచ్చే చోటులో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు, కానీ మన తెలుగు నేల ఎవరి చేతిలోకి పోవాలన్నది తేలింది ఇలాంటి చోట్లే.

మరి ఆ వైభవమంతా ఏమైంది?

ఒక్క కారణం చెప్పమంటే అందరూ 1864 తుపాను అంటారు. నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి దాదాపు 30,000 మంది పోయారు. ఉప్పునీళ్లు మైళ్లకొద్దీ లోపలికి వెళ్లి పొలాలు, చెరువులు పాడుచేశాయి. ఆ తర్వాత కోటలో ఉన్న సైన్యాన్ని కూడా తీసేశారు.

అయితే ఊరు అప్పటికే చిక్కిపోతూ ఉంది. మాంచెస్టరు మిల్లు బట్ట వచ్చి అద్దకాన్ని దెబ్బ తీసింది. రేవులో మేట వేసి పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి, సరుకు పడవల్లో చేరవెయ్యాల్సొచ్చేది. బెజవాడకు రైలొచ్చాక వ్యాపారం అటు మళ్లింది. మాకు రైలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఉప్పెన ఒక్క రాత్రిది. మిగతావి వందేళ్లపాటు నెమ్మదిగా జరిగినవి. అందుకే వాటి గురించి ఎవరూ కథలు చెప్పుకోరు.

తుపాన్లకు, మా ఊరికి సంబంధం ఇంకా తెగలేదు. రేడియోలో "మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక" అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. ఓడలు లేని రోజుల్లో కూడా ఆ హెచ్చరిక మాత్రం మాకు ఠంచనుగా వచ్చేది! తుపాన్లను కనిపెట్టే వాతావరణశాఖ డాప్లర్ రాడారు కూడా ఊళ్లోనే ఉంది.

బందరు కోట, డచ్చివాళ్ల సమాధులు ఎలా ఉంటాయి?

కోట అన్న మాట విని గోల్కొండలా ఊహించుకుని రావొద్దు. ఊరు దాటి సముద్రం వైపు వెళ్తే పాత ఆయుధాగారం, ఆసుపత్రి భవనాల శిథిలాలు కనిపిస్తాయి. చుట్టూ గడ్డి, ముళ్లకంప, మేకలు. ఎండ ఎక్కకముందు వెళ్లండి, కాళ్లకు బూట్లు ఉంటే మంచిది.

డచ్చి సమాధులు మాత్రం తీరిగ్గా చూడాల్సినవి. పదిహేడో శతాబ్దం నాటి పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద ఆయా కుటుంబాల చిహ్నాలు, శిరస్త్రాణాలు, పూలతీగలు, డచ్చి అక్షరాలు. ఇన్ని వానలు, ఇంత ఉప్పుగాలి తగిలినా అక్షరాలు చాలావరకు చదవడానికి వీలుగానే ఉన్నాయి. పొద్దున్నే ఏటవాలుగా ఎండ పడ్డప్పుడు చెక్కడం స్పష్టంగా కనిపిస్తుంది, ఫొటోలకు అదే మంచి టైము. పురావస్తుశాఖ రక్షణలో ఉన్న చోటు ఇది. రాళ్ల మీద కూర్చోవడం, సున్నంతో పేర్లు రాయడం లాంటివి చెయ్యకండి.

సెయింట్ మేరీస్ చర్చి వెనక ప్రేమకథ ఉందంటారు, ఏమిటది?

అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి 1809లో చనిపోయిందని, ఆమెను ప్రేమించిన జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమె సమాధి మీదే చర్చి కట్టించాడని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పే మనిషిని బట్టి కథ పెరుగుతూ ఉంటుంది. సాయంత్రం పూట చెబితే ఇంకాస్త పెరుగుతుంది.

కలంకారీ చూడాలంటే బందరులో ఎక్కడికి వెళ్లాలి?

పెడనకు. బందరుకు పది కిలోమీటర్ల దూరం, ఆటోలూ బస్సులూ ఉంటాయి. మచిలీపట్నం కలంకారీ అని పేరేగానీ, ఇప్పుడు పని ఎక్కువ జరిగేది అక్కడే.

శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మ గీస్తారు. మనది చెక్క అచ్చుల అద్దకం. టేకు చెక్క మీద డిజైను చెక్కుతారు. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు.

లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, తెలిసి చూస్తే బాగుంటుంది. ముందు బట్టను బాగా ఉతికి గంజి వదలగొట్టి, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. అప్పుడు బట్ట లేత పసుపు రంగుకు వస్తుంది. నలుపు రంగు బజార్లో కొనేది కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెడతారు. చూడ్డానికి అది మురికి నీళ్లలా ఉంటుంది. అచ్చుతో అద్దగానే కరక్కాయ పట్టిన బట్ట మీద నల్లగా తేలుతుంది.

ఎరుపు సంగతి ఇంకా తమాషా. అద్దేది పటిక నీళ్లు. అద్దినప్పుడు రంగు పెద్దగా కనిపించదు, ఎక్కడ అద్దారో పనివాడికే తెలియాలి. తర్వాత ఆ బట్టను పారే నీళ్లలో జాడించి, పెద్ద రాగి గంగాళాల్లో రంగువేరు, జాజి ఆకు వేసి మరిగిస్తారు. పటిక పడ్డచోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట పట్టదు. పాత రోజుల్లో ఈ ఎరుపు కృష్ణా తీరంలో దొరికే చిరివేరు నుంచి వచ్చేది. యూరప్ వాళ్లను ఇంత దూరం లాక్కొచ్చింది ఆ ఉతికినా పోని ఎరుపే. ఇప్పుడు చాలాచోట్ల ఎలిజరిన్ అనే రసాయనపు ఎరుపు వాడుతున్నారు.

అద్దకం బల్ల దగ్గర ఒక అరగంట నిలబడండి. బల్ల మీద గోనెపట్టాలు పరిచి మెత్తగా ఉంచుతారు. పనివాడు అచ్చును రంగు తట్టలో రెండుసార్లు తాటించి, బట్ట మీద అంచుకు అంచు ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. తియ్యడం, మళ్లీ తాటించడం, పెట్టడం, గుద్దడం. కొలబద్ద ఉండదు, గీత ఉండదు. చీర పొడుగునా ఆ వరస తప్పదు. పక్కవాళ్లతో సినిమా కబుర్లు చెప్తూ కూడా చెయ్యి తప్పదు. కాసేపటికి ఆ గుద్దుల చప్పుడు మనకూ అలవాటైపోతుంది.

షెడ్డులోకి వెళ్లేముందు అడిగి వెళ్లండి. కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. కాకపోతే డిజైన్ల ఫొటోలు దగ్గర్నుంచి తీస్తుంటే కొందరికి నచ్చదు. వాళ్ల డిజైను రేపు ఏదో మిల్లులో స్క్రీన్ ప్రింటుగా తేలుతుందని భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు.

అసలు అచ్చు అద్దకాన్ని స్క్రీన్ ప్రింటు నుంచి ఎలా గుర్తుపట్టాలి?

డిజైను మళ్లీ మళ్లీ వచ్చేచోట అంచులు చూడండి. చేత్తో అద్దినదైతే ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి అటూఇటూ ఉంటుంది. అన్నీ కొలిచినట్టు ఒక్కలా ఉంటే అనుమానించాలి. బట్ట తిరగేసి చూడండి, రంగు లోపలికి ఇంకి ఉండాలి. కొత్త బట్టకు ఒక రకమైన వగరు వాసన ఉంటుంది, కరక్కాయది. రంగుల విషయం కూడా ఉంది: సహజ రంగుల్లో ఎరుపు, నలుపు, పసుపు, నీలం, వాటి కలయికలే వస్తాయి. కళ్లు జిగేల్‌మనే గులాబీ రంగు కలంకారీ చీర ఎవరైనా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

స్క్రీన్ ప్రింటు కొనకూడదని కాదు. చవక, రోజువారీ వాడకానికి బాగానే ఉంటుంది. దాన్ని అచ్చు అద్దకం ధరకు కొనొద్దు, అంతే.

చిలకలపూడి బంగారం అంటే ఏమిటి? నకిలీనా?

నకిలీ అంటే చిలకలపూడి వాళ్లకు కోపం వస్తుంది. గిల్టు నగలు, రోల్డ్‌గోల్డ్ అంటారు. రాగి మీద పల్చటి బంగారు రేకు ఎక్కించి చేయడం పాత పద్ధతి, ఇప్పుడు పూత పని ఎక్కువ. మీ ఊరి ఫ్యాన్సీ షాపులో గాజులు, నాట్యం చేసేవాళ్లు పెట్టుకునే వడ్డాణాలు, పాపిడిబిళ్లలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అడగండి, చాలావరకు బందరు పేరే వినిపిస్తుంది. పోతేపల్లి దగ్గర ఈ పరిశ్రమకు ప్రత్యేకంగా పార్కు కూడా ఉంది. నగ ఒక్క చేతిలో పూర్తవదు. అచ్చు తీసేది ఒకరు, అతికేది ఒకరు, రాళ్లు పొదిగేది ఒకరు. రాళ్లు పొదిగే పని ఇళ్లల్లో ఆడవాళ్లు చేస్తారు. వంటయ్యాక వీధి అరుగు మీద కూర్చుని చేసుకుంటూ కనిపిస్తారు.

పాండురంగస్వామి గుడి కూడా అక్కడేనా?

అవును, చిలకలపూడిలోనే. భక్త నరసింహం గారు 1929లో కట్టించారు, పండరిపురం గుడి తరహాలో. ఇక్కడ స్వామి పాదాలు భక్తులే స్వయంగా తాకి దణ్ణం పెట్టుకోవచ్చు. అందుకే దూరం నుంచి కూడా వస్తారు. కార్తీకమాసంలో ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా ఉత్సవాలు. ఆ రోజుల్లో వస్తే మాత్రం ఊళ్లో రూము దొరకడం కష్టం.

మంగినపూడి బీచ్ బాగుంటుందా?

ఇది అందరూ అడుగుతారు. బంగారు రంగు ఇసుక, నీలం నీళ్లు ఉండవు. ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ తీరంలో నేల నల్లటి ఒండ్రు మట్టి, నీళ్లు బూడిద రంగు. చాలా దూరం వరకు లోతు తక్కువ. సముద్రం శాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ కనిపించడాన్ని నమ్మి లోపలికి వెళ్లిపోయి ప్రమాదాల పాలైనవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది పౌర్ణమి నాడు. సముద్రస్నానానికి వచ్చినవాళ్లను ఇక్కడే అల లాక్కుపోయింది. పోలీసులు, జాలర్లు వద్దన్నచోట దిగొద్దు. మోకాలి లోతు చాలు.

సూర్యోదయం మాత్రం ఇక్కడే చూడాలి. బీచ్‌కి దగ్గర్లో దత్తాశ్రమం, అందులో పన్నెండు బావులు ఉన్నాయి. సముద్రంలో మునిగి వచ్చినవాళ్లు ఆ బావుల నీళ్లతో స్నానం చేస్తారు. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి రోజుల్లో జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉంటారు. తినడానికి బీచ్ దగ్గర మొక్కజొన్న పొత్తులు, బజ్జీలు, వేయించిన చేపలు. గిలకలదిండి హార్బరుకు పొద్దున్నే వెళ్తే పడవలు దించే చేపలు, రొయ్యలు, పీతలు చూడొచ్చు. వేలంపాట చూడ్డం సరదాగా ఉంటుంది, కానీ దారికి అడ్డం నిలబడకండి, అక్కడ ఎవరికీ తీరిక ఉండదు.

బందరు లడ్డూ ఎక్కడ బాగుంటుంది?

షాపు పేరు చెప్పను. చెబితే రెండో షాపు వాళ్లు నాతో మాట్లాడరు.

ఇది పెళ్లిళ్లలో పెట్టే బూందీ లడ్డూ కాదు, తొక్కుడు లడ్డూ. శనగపిండి కలిపి లావుపాటి పూసలా నెయ్యిలో వేయిస్తారు. దాన్ని రోట్లో వేసి పొడి చేసి, జల్లెడ పట్టి, బెల్లంపాకం పోసి మళ్లీ దంచుతారు. రోకలి పోట్లు పడేకొద్దీ అది మెత్తగా, జిగురుగా ముద్దకు వస్తుంది. మధ్యమధ్య నెయ్యి, చివర్లో యాలకులు, జీడిపప్పు. నోట్లో పెట్టుకుంటే పళ్లతో పని ఉండదు. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ బొందిలీలు ఈ మిఠాయిని తెచ్చారని ఊళ్లో చెప్పుకుంటారు. ఇప్పుడు దీనికి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకన్న ప్రభుత్వ ముద్ర, కూడా వచ్చింది. పంచదారతో చేసేవీ ఉన్నాయి, నా ఓటు బెల్లానికే. నెయ్యి సరుకా కాదా అన్నది మొహమాటపడకుండా అడిగి కొనండి. కొన్నిరోజులు నిలవ ఉంటుంది, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడిపోతుంది.

నల్లగా నిగనిగలాడే బందరు హల్వాను కూడా మర్చిపోకండి. లడ్డూ పేరు మోగినంతగా దాని పేరు మోగలేదు, రుచిలో మాత్రం తీసిపోదు.

స్వాతంత్ర్యోద్యమంలో బందరు పాత్ర ఏమిటి?

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో తిరిగినప్పుడు బందరుకు కూడా వచ్చాడు. ఆ వేడిలోంచి పుట్టింది ఆంధ్ర జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో పెట్టారు. ప్రభుత్వ సాయం ముట్టకుండా చదువుతోపాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పాలన్నది ఆశయం. అడివి బాపిరాజు దీనికి ప్రిన్సిపాలుగా పనిచేశారు. పింగళి వెంకయ్య ఇక్కడ పాఠాలు చెప్పారు. ఆయన సొంతూరు భట్లపెనుమర్రు కూడా ఈ జిల్లాలోదే. జాతీయ జెండా ఎలా ఉండాలో చర్చిస్తూ ఆయన 1916లో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు.

కృష్ణాపత్రిక 1902లో ఇక్కడే మొదలైంది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో పోయేదాకా దాని సంపాదకులు. ఇక పట్టాభి గారు వైద్యం చేస్తూనే సంస్థలు పుట్టించడం మొదలుపెట్టారు. 1923లో ఆంధ్రా బ్యాంకు అలా బందరులో మొదలైంది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు దేశంలో ఎవరు ఎలా అనుకున్నా, బందరులో మాత్రం ఇంట్లో పెద్దాయన పోయినట్టు మాట్లాడుకున్నారు.

చదువుల సంగతికొస్తే, 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన పాఠశాల తర్వాత నోబుల్ కాలేజీ అయింది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఈ ఊళ్లో తెలుగు పంతులుగా పనిచేశారు. ఆయన దగ్గర చదువుకున్న కుర్రాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు.

మొహర్రం సమయంలో రావచ్చా?

తప్పకుండా. గోల్కొండ కాలం నాటి పర్షియా సంబంధాల వల్ల ఇక్కడ షియాలు తరతరాలుగా ఉన్నారు. ఇనగుదురుపేట, కోనేరు సెంటరు వైపు ఊరేగింపులు సాగుతాయి. హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు. అది సంతాపం కాబట్టి తిరునాళ్లకు వచ్చినట్టు కేరింతలు కొట్టకుండా, పక్కన నిలబడి చూడండి.

ఏ నెలల్లో రావాలి?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ వార్తలు చూసుకుని బయల్దేరండి. మే నెలలో వద్దు, ఉక్కపోతకు చొక్కా ఆరదు. ఏ నెలలో వచ్చినా దోమల మందు తెచ్చుకోండి.

చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?

కారు ఉంటే ఒక రోజంతా పడుతుంది. ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఆనవాళ్లు, చిన్న మ్యూజియం ఉన్నాయి. బందరుకంటే ముందు ఈ తీరంలో వెలిగిన వర్తక కేంద్రం అదే. కూచిపూడి గురించి చెప్పక్కర్లేదు. ఊళ్లోకి అడుగుపెడితే కళాపీఠం నుంచి తాళం చప్పుడు వినిపిస్తుంది, సెలవురోజు కాకపోతే. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి గుడి. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. ఉత్తరాంధ్రలోది కాదు, ఇది మా జిల్లాలో పల్లె. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడని, ఆంధ్ర మహావిష్ణువు కలలోకి వచ్చి ఆముక్తమాల్యద రాయమన్నాడని కావ్యంలో రాయలే చెప్పుకున్నాడు. గుడి ప్రశాంతంగా ఉంటుంది, జనం తక్కువ.

అవనిగడ్డ మీదుగా కిందికి వెళ్తే హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, అక్కణ్ణుంచి కాస్త ముందుకు కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఇదంతా దివిసీమ, 1977 నవంబరు 19 ఉప్పెన తిన్న నేల. ఆ వయసువాళ్లు ఎవరైనా పలకరిస్తే ఆ రాత్రి గురించి వాళ్లంతట వాళ్లే చెబుతారు. దగ్గర్లో మడ అడవులు ఉన్నాయి, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తాయి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకండి.

కొత్త పోర్టు వచ్చేసిందా?

తపసిపూడి దగ్గర 2023 మేలో పనులు మొదలుపెట్టారు. బందరు పోర్టు అన్న మాట వింటూ రెండు తరాలు ముసలివైపోయాయి కాబట్టి, మొదటి ఓడ కళ్లారా చూసేదాకా మావాళ్లు ఏమీ మాట్లాడరు. పనులు జరిగేచోటికి సందర్శకులను పంపరు. ఆ దారిలో లారీలు ఎక్కువ, కారు జాగ్రత్త.

ఒక్కరోజే టైముంది, ఎలా తిరగాలి?

తెల్లారేసరికి మంగినపూడి, అక్కణ్ణుంచి వస్తూ చిలకలపూడి గుడి. టిఫిను ఊళ్లో. ఎండ ఎక్కేలోపు డచ్చి సమాధులు. తర్వాత పెడన వెళ్లండి. మధ్యాహ్నం భోజనాల వేళకు పని ఆగుతుంది కాబట్టి పదకొండింటికల్లా అక్కడ ఉంటే మంచిది. కోటను వదిలేసినా ఫర్వాలేదు, పెడనను వదలొద్దు. విజయవాడ తిరిగి వెళ్లేవాళ్లు సాయంత్రం బస్సెక్కే ముందే లడ్డూ కొనుక్కోండి. కొన్ని షాపుల్లో మంచి సరుకు ఎనిమిదింటికల్లా అయిపోతుంది, ఆ తర్వాత వెళ్తే నిన్నటిది అంటగడతారు.